పరిశ్రమల దుర్వాసనకు బయోఫిల్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

బయోఫిల్టర్ల పనిలో ఉన్నవాళ్లకు ఫోన్ మోగిందంటే, సగం సార్లు అవతలి మాట పూర్తికాకముందే విషయం అర్థమైపోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది సార్, ఈ వారం నుంచి మళ్లీ వాసన." నేను తిరిగి అడిగేది ఒక్కటే: "అడుగున తవ్వి చూశారా?" చాలామంది చూసి ఉండరు. అవే సందేహాలు అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

చెక్కముక్కల గుట్ట వాసనను ఎలా ఆపుతుంది?

ఆపదు, తినేస్తుంది. వాసన గాలిని ఫ్యాన్‌తో లాగి, తడిగా ఉన్న చెక్కముక్కలు, బెరడు, కంపోస్టు లాంటివి పేర్చిన బెడ్‌లోంచి నెమ్మదిగా పంపిస్తాం. ప్రతి ముక్క చుట్టూ పల్చటి నీటిపొర ఉంటుంది, అందులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. గాలిలోని వాయువు ముందు ఆ నీటిలో కరగాలి, ఆ తర్వాతే వాటి నోటికి అందుతుంది. కర్బన పదార్థాలైతే చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతాయి. గంధకం ఉన్నవి సల్ఫేటుగా, అమ్మోనియా నైట్రేటుగా మారతాయి. ఫిల్టర్ అన్న పేరు వల్ల జల్లెడలా పట్టి ఉంచుతుందని అనుకుంటారు. పశువుల కొట్టంలా చూడండి, సరిగ్గా అర్థమవుతుంది: మేత, నీళ్లు, గాలి వేళకు అందాలి.

ఇది కొత్త టెక్నాలజీయా? మేమే మొదటి ప్రయోగం అవుతామా?

కాదు. మురుగునీటి కేంద్రాల నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను (కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు) సూక్ష్మజీవులతో తొలగించవచ్చన్న ఆలోచన 1923 నాటికే జర్మనీలో చర్చకు వచ్చింది. 1950లలో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో మురుగు కాలువ వాసన గాలిని మట్టి బెడ్ గుండా పంపారు. రిచర్డ్ పోమెరాయ్‌కు 1957లో మట్టి బెడ్ పద్ధతిపై అమెరికా పేటెంటు వచ్చింది. 1980ల నుంచి జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ఇది బాగా వ్యాపించింది. డిజైన్, నిర్వహణ పద్ధతులకు జర్మన్ ఇంజనీర్ల సంఘం ఇచ్చిన వీడీఐ 3477 అనే మార్గదర్శకం కూడా ఉంది.

ఏ వాసనలకు పనిచేస్తుంది, వేటికి పనిచేయదు?

రెండు ప్రశ్నలు వేసుకోండి. అది నీళ్లలో కరుగుతుందా? సూక్ష్మజీవులకు తిండి అవుతుందా? రెండింటికీ అవును అయితే పని తేలిక. ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, కీటోన్లు, కొవ్వు ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్, తక్కువ మోతాదులో అమ్మోనియా ఈ కోవలోవి. టొలీన్, స్టైరీన్ లాంటివి కూడా పోతాయి, కాకపోతే గాలి బెడ్‌లో ఎక్కువసేపు ఉండాలి. హెక్సేన్, మీథేన్ నీళ్లలో దాదాపు కరగవు కాబట్టి బెడ్ బాగా పెద్దది కావాలి. క్లోరిన్ ఎక్కువగా ఉన్న సాల్వెంట్ల విషయంలో నేనైతే ముందే వద్దంటాను.

గాఢత కూడా ముఖ్యమే. సేంద్రియ ఆవిరులు ఘనపు మీటరు గాలికి ఒక గ్రాము లోపు ఉంటే బయోఫిల్టర్‌కు తగిన పని. దానికి చాలా ఎక్కువైతే వేరే దారి చూసుకోవాలి.

కార్బన్ ఫిల్టర్, కెమికల్ స్క్రబ్బర్ ఉండగా ఇదెందుకు?

గాలి ఎక్కువ, అందులో కాలుష్యం తక్కువ అయినప్పుడు ఇది చవకగా నడుస్తుంది. కాల్చే పద్ధతిలో అంత గాలినీ వేడి చేయడానికి ఇంధనం పోయాలి. కార్బన్ వాసనను పట్టి ఉంచుతుందే కానీ నాశనం చేయదు, నిండాక మార్చాలి. రసాయనం కలిపిన నీళ్లతో గాలిని కడిగే స్క్రబ్బర్‌కు రోజూ ఆమ్లమో, క్షారమో, హైపోక్లోరైటో కొనాలి. బయోఫిల్టర్‌కు ప్రధాన ఖర్చు ఫ్యాన్ కరెంటు, నీళ్లు. బదులుగా స్థలం ఎక్కువ తీసుకుంటుంది, ఓపిక అడుగుతుంది. గాలి గంటకోలా మారే చోట, విషపదార్థాలు ఒక్కసారిగా వచ్చిపడే చోట దీన్ని నమ్ముకోవద్దు.

బయోఫిల్టర్, బయోట్రిక్లింగ్ ఫిల్టర్, బయోస్క్రబ్బర్ మూడూ ఒకటేనా?

పనిచేసేది సూక్ష్మజీవులే, నీళ్ల ఏర్పాటు వేరు. బయోఫిల్టర్‌లో నీరు మీడియాకే, అంటే బెడ్‌లో పేర్చిన చెక్క, కంపోస్టు లాంటి సరుకుకే, అంటిపెట్టుకుని ఉంటుంది. బయోట్రిక్లింగ్‌లో ప్లాస్టిక్ ప్యాకింగ్ మీదో, లావా రాయి మీదో నీళ్లు ఎప్పుడూ కారుతూ తిరుగుతుంటాయి. కాబట్టి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) మన చేతిలో ఉంటుంది, పుట్టిన ఆమ్లాన్ని కడిగి బయటికి పంపొచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ బాగా ఎక్కువున్న చోట నా ఓటు దీనికే. బయోస్క్రబ్బర్‌లో వాయువును ఒక టవర్‌లో నీళ్లలో కరిగించి, ఆ నీటిని వేరే ట్యాంకులో శుద్ధి చేస్తారు, కాబట్టి బాగా కరిగే వాయువులకే అది సరిపోతుంది.

## డిజైన్ చేస్తున్నప్పుడు

మా గాలికి ఎంత పెద్ద బెడ్ కావాలి?

గాలి బెడ్‌లో ఎన్ని సెకన్లు ఉండాలన్నదే లెక్క. ఖాళీ బెడ్ ఘనపరిమాణాన్ని గాలి ప్రవాహంతో భాగిస్తే వచ్చేది ఆ సమయం. మామూలు వాసనలకు 30 నుంచి 60 సెకన్లు పెట్టుకుంటారు. తేలిగ్గా కరిగే వాటికి ఇంకా తక్కువ చాలు, మొండి సాల్వెంట్లకు నిమిషం దాటొచ్చు.

ఉదాహరణకు గంటకు 3,600 ఘనపు మీటర్ల గాలి అంటే సెకనుకు 1 ఘనపు మీటరు. 30 సెకన్లు కావాలంటే 30 ఘనపు మీటర్ల మీడియా. లోతు ఒక మీటరు అనుకుంటే 30 చదరపు మీటర్ల నేల. అదే 60 సెకన్లయితే 60. స్థలం లేదని లోతు రెండు మీటర్లు చేస్తామంటారు. మామూలు కంపోస్టు మీడియా ఆ బరువుకు తనకు తానే నలిగి అణిగిపోతుంది. మీటరు నుంచి మీటరున్నర మధ్య ఆగడం మంచిది.

స్థలం సరిపోవట్లేదు. ఫిల్టర్ చిన్నది చేసే మార్గం ఉందా?

ఫిల్టర్‌ను కాదు, గాలిని తగ్గించండి. షెడ్డు మొత్తం గాలిని లాగే బదులు వాసన పుట్టే ట్యాంకుకు, కన్వేయరుకు మూత వేసి అక్కడి నుంచే లాగితే ప్రవాహం ఎన్నో రెట్లు తగ్గుతుంది. మూత లోపల కొద్దిగా నెగెటివ్ ప్రెషర్ ఉంటే వాసన సందుల్లోంచి బయటికి రాదు. తలుపులు బార్లా తెరిచిన షెడ్డుకు ఎంత గొప్ప బయోఫిల్టర్ కట్టినా లాభం లేదు. వాసన ఫిల్టర్ దాకా రావాలి కదా!

మీడియాగా ఏం వాడాలి? ఉత్త కంపోస్టు చాలదా?

ఉత్త కంపోస్టులో సూక్ష్మజీవులకు, పోషకాలకు లోటుండదు కానీ ఆర్నెల్లలో అణిగి గట్టిపడుతుంది. ఉత్త చెక్కముక్కల్లో గాలి హాయిగా ఆడుతుంది కానీ నీరు నిలవదు. అందుకే రెండూ కలుపుతారు: అస్థిపంజరంగా చెక్క లేదా బెరడు, కండగా కంపోస్టు. పొడిలా ఉండే సన్నటి భాగాన్ని ముందే జల్లించి తీసేయండి, తర్వాత గాలికి అడ్డుపడేది అదే. చెక్క మరీ ఎక్కువైతే నత్రజని చాలక సూక్ష్మజీవులు నీరసిస్తాయి, అప్పుడు పోషకాలు కలపాల్సి వస్తుంది.

పైన స్ప్రింక్లర్లు పెడుతున్నాం. గాలికి ముందే తేమ పట్టించాలా?

పట్టించాలి. డబ్బు మిగుల్చుకుందామని ఎక్కువమంది చేయి పెట్టేది ఇక్కడే, తర్వాత ఎక్కువ పోగొట్టుకునేదీ ఇక్కడే.

చాలా బెడ్‌లలో గాలి కింది నుంచి పైకి వెళుతుంది. పొడిగాలి ముందు తాకేది అడుగు పొరను. 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమతో వచ్చిన గాలి బెడ్‌లో సంతృప్తం అయ్యేలోపు ఘనపు మీటరుకు దాదాపు 3 గ్రాముల నీరు తాగుతుంది. వినడానికి ఏమంత కాదు. గంటకు 3,600 ఘనపు మీటర్ల చొప్పున లెక్కేస్తే రోజుకు దాదాపు 260 లీటర్లు! ఆ నీరంతా అడుగు పొర నుంచే పోతుంది. స్ప్రింక్లర్ నీరు పై పొరను తడిపి, కాస్త కిందికి దిగి, దారి దొరికిన చోట కాలువ కట్టి జారిపోతుంది. ఒకసారి పూర్తిగా ఎండిన చెక్క, కంపోస్టు నీటిని తిప్పికొడతాయి, మళ్లీ తడపడం చాలా కష్టం.

కాబట్టి ఫ్యాన్ తర్వాత ఒక హ్యూమిడిఫయర్ పెట్టి గాలి తేమను 95 శాతం పైకి తేవాలి. స్ప్రింక్లర్ కూడా ఉండాల్సిందే. సూక్ష్మజీవులు పనిచేస్తుంటే బెడ్ కొద్దిగా వేడెక్కుతుంది, ఆ వేడికి ఆవిరయ్యే నీటిని భర్తీ చేసేది అదే.

మా గాలి 60 డిగ్రీల వేడితో, దుమ్ముతో వస్తుంది. నేరుగా పంపొచ్చా?

వద్దు. 40 డిగ్రీలు దాటితే మామూలు సూక్ష్మజీవులకు ఇబ్బంది మొదలవుతుంది, 60 అంటే వాటికి ఉడుకునీళ్లే. నీటి స్ప్రేతో చల్లబరిస్తే వేడీ, దుమ్మూ, పొడిదనం మూడూ ఒకే దెబ్బకు తగ్గుతాయి. నూనె తుంపర్లు, పెయింటు కణాలు ఉంటే మాత్రం వాటికి విడిగా ఫిల్టర్ కావాలి. అవి బెడ్ అడుగున జిగురులా పట్టేస్తాయి.

ఫ్యాన్‌కు కరెంటు ఎంత అవుతుంది?

ఒత్తిడి నష్టాన్ని బట్టి. ఫ్యాన్ మొత్తం 100 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడికి ఎదురుగా సెకనుకు 1 ఘనపు మీటరు గాలి తోయాలంటే, 60 శాతం సామర్థ్యంతో దాదాపు 1.6 కిలోవాట్లు లాగుతుంది. రోజంతా నడిస్తే దాదాపు 40 యూనిట్లు. బెడ్ అణిగి ఒత్తిడి రెట్టింపైతే, అదే గాలి తోయడానికి ఈ లెక్కా రెట్టింపే.

## మొదలుపెట్టేటప్పుడు

ఆన్ చేసిన రోజే వాసన పోతుందా?

మొదటి రెండు మూడు రోజులు తగ్గినట్టే ఉంటుంది. అది కొత్త మీడియా వాసనను పీల్చుకోవడం వల్ల. తర్వాత మళ్లీ కొంచెం పెరగవచ్చు, కంగారు పడకండి. తేలిక పదార్థాలకు సూక్ష్మజీవులు వారం పది రోజుల్లో అలవాటు పడతాయి, సాల్వెంట్లకు కొన్ని వారాలు. మొదట సగం గాలితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే వాటికి ఊపిరి తీసుకునే వీలుంటుంది.

బ్యాక్టీరియా కల్చర్ పొడి కొనమంటున్నారు. అవసరమా?

మామూలు వాసనలకు అక్కర్లేదు. మంచి కంపోస్టులో కావాల్సినవన్నీ ముందే ఉంటాయి. చెక్క లేదా ప్లాస్టిక్ మీడియా అయితే మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి కొంచెం యాక్టివేటెడ్ స్లడ్జ్ (సూక్ష్మజీవులు నిండిన బురద) తెచ్చి చల్లితే సరిపోతుంది. అరుదైన సాల్వెంట్ ఏదైనా ఉంటే అప్పుడు ప్రత్యేక కల్చర్ గురించి ఆలోచించండి.

## రోజువారీ నిర్వహణలో

రోజూ ఏమేం చూడాలి?

బెడ్ ముందు వెనకల ఒత్తిడి తేడా, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, తేమ. ఈ మూడూ రిజిస్టర్లో రాయండి. బెడ్ కింద కారే నీటి (లీచేట్) పీహెచ్ వారానికోసారి. వీటన్నిటికన్నా విలువైంది పిడికిలి పరీక్ష.

పిడికిలి పరీక్ష అంటే ఏమిటి? ఎలా చేయాలి?

గ్లౌజు వేసుకుని, పై పొర కాకుండా కనీసం 30 సెంటీమీటర్ల లోతు నుంచి మీడియా ఒక గుప్పెడు తీయండి. గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిసి, చేయి తెరిచాక ముద్ద మెల్లగా విడిపోతే తేమ బాగుంది. అంటే బరువులో 40 నుంచి 60 శాతం నీరు ఉన్నట్టు. నీళ్లు ధారగా కారితే ఎక్కువైంది, గాలి ఆడక లోపలే కుళ్లుతుంది. చేయి తెరవగానే పొడిగా రాలిపోతే దాహంతో ఉంది. నెలకోసారైనా ప్రోబ్ గొట్టంతో అడుగు పొర నుంచి కూడా తీసి చూడాలి. బెడ్ కట్టేటప్పుడే పక్క గోడలకు మూతలున్న శాంప్లింగ్ గొట్టాలు పెట్టించుకుంటే ఈ పని ఐదు నిమిషాల్లో అవుతుంది.

సెలవుల్లో ప్లాంటు మూసేస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయా?

రెండు మూడు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయి. గాలి లేకపోతేనే కష్టం: తడి బెడ్‌లో ఆక్సిజన్ అయిపోయి కుళ్లు మొదలవుతుంది. ఫ్యాన్‌ను తక్కువ వేగంతో నడుపుతూ, తేమ పోకుండా చూసుకోండి. వారాల తరబడి మూస్తే మళ్లీ కొద్ది రోజులు అలవాటు చేసుకోనివ్వాలి.

కింద కారే గోధుమరంగు నీళ్లు ఏం చేయాలి?

దాన్ని లీచేట్ అంటారు. గంధకం వాసనలున్న చోట ఆమ్లంగా, అమ్మోనియా ఉన్న చోట నైట్రేటుతో నిండి ఉంటుంది. శుద్ధి కేంద్రానికే పంపాలి, వర్షపు కాలువలోకి వదలొద్దు. స్ప్రింక్లర్‌కు తిరిగి తోడి వాడుకుందామంటే లవణాలు పేరుకుంటాయి.

## తేడా కొట్టినప్పుడు

ఏడాదిగా బాగా పనిచేసింది. ఒక్కసారిగా మళ్లీ వాసన. బెడ్ చచ్చిపోయిందా?

చాలావరకు చావదు, దాహంతో ఉంటుంది. ఒక ప్లాంటులో జరిగింది చెబుతాను. సూపర్‌వైజర్ మీడియా మొత్తం మార్చడానికి లారీలు కూడా మాట్లాడేశాడు. బెడ్ పైన చూస్తే తడి మిలమిలలాడుతోంది, అక్కడక్కడ గడ్డి మొలిచింది. "నీళ్లకు లోటు లేదు సార్, రోజుకు రెండుసార్లు కొడుతున్నాం" అన్నాడు. పార తీసుకుని ఒక మూల తవ్వాం. అరమీటరు దాకా తడి. ఆ కింద రంగు మారింది. అడుగున మీడియా నశ్యంలా పొడిపొడిగా ఉంది, ఊదితే లేచిపోయేంత. కారణం వెతికితే హ్యూమిడిఫయర్ నాజిళ్లు సున్నం పట్టి మూసుకుపోయి ఉన్నాయి. ఎప్పటి నుంచో ఎవరికీ తెలియదు, ఎందుకంటే పంపు నడుస్తూనే ఉంది, శబ్దం వస్తూనే ఉంది.

లారీలు వెనక్కి పంపించాం. నాజిళ్లు కడిగి, ఎండిన భాగాన్ని పైకి తీసి తడిపి కలిపి తిరిగి వేశాం. మూడు వారాలకు బెడ్ తేరుకుంది.

తేమ బాగుంటే అప్పుడు మిగతావి చూడండి: ఉత్పత్తిలో కొత్త రసాయనం ఏదైనా వచ్చిందా, గాలి వేడెక్కిందా, పీహెచ్ పడిపోయిందా, గాలి ఒకే చోట దారి చేసుకుందా.

గాలి పక్కదారి పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

స్మోక్ క్యాండిల్ వెలిగించి పొగను ఫ్యాన్ వైపు డక్ట్‌లోకి పంపండి. బెడ్ మొత్తం మీద సమంగా లేస్తే మంచిది. ఒకచోట గుప్పుమంటే అక్కడ చీలిక ఉన్నట్టు. ఎక్కువగా గోడల అంచుల్లో ఉంటుంది, మీడియా కుంచించుకున్నప్పుడు గోడను వదిలేస్తుంది కాబట్టి. చలి ఉదయాల్లో పొగ కూడా అక్కర్లేదు, బెడ్ మీద ఆవిరి ఎక్కడ లేస్తోందో కంటికే కనిపిస్తుంది.

లీచేట్ పీహెచ్ 3కి పడిపోయింది. సున్నం వేస్తే సరిపోతుందా?

ఆమ్లం ఎంత పుడుతోందో ముందు లెక్క వేయండి. ఒక కిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పూర్తిగా ఆక్సీకరణ చెందితే దాదాపు 2.9 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. గంటకు 3,600 ఘనపు మీటర్ల గాలిలో ఆ వాయువు 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది భాగాలు) ఉందంటే రోజుకు మూడున్నర కిలోల ఆమ్లం ఆ బెడ్‌లోనే తయారవుతోంది. దాన్ని విరిచేయడానికి సున్నపురాయి కూడా రోజుకు అంతే కావాలి, పైగా ఏర్పడిన జిప్సం మీడియా సందుల్లో గట్టిపడుతుంది. తక్కువ మోతాదుకు సున్నపురాయి ముక్కలు కలపడం సరే. ఎక్కువైతే ఎప్పటికప్పుడు నీళ్లతో కడిగేయాలి, లేదా ముందు ఒక బయోట్రిక్లింగ్ టవర్ పెట్టాలి.

విచిత్రం ఏమిటంటే గంధకం తినే కొన్ని బ్యాక్టీరియాలు పీహెచ్ 1–2 లోనూ హాయిగా ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కటే ఉన్న చోట తక్కువ పీహెచ్ చూసి బెంబేలెత్తక్కర్లేదు. దానితోపాటు ఇతర సేంద్రియ వాసనలు కూడా ఉంటేనే అసలు చిక్కు. వాటిని తినేవి ఆ ఆమ్లంలో బతకలేవు, చెక్క కూడా త్వరగా చివికిపోతుంది.

మీటర్ 99 శాతం తొలగింపు చూపిస్తోంది. పక్కవాళ్లు ఇంకా వాసన అంటున్నారు. ఎవరు అబద్ధం?

ఎవరూ కాదు. లోపలికి 20 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ వెళ్లి 99 శాతం పోయినా 0.2 పీపీఎం బయటికి వస్తుంది, అంటే 200 పీపీబీ. మనిషి ముక్కు దాన్ని కొద్ది పీపీబీల దగ్గరే పసిగడుతుంది. ముక్కుకు శాతాలతో పనిలేదు, మిగిలిందే లెక్క.

అందుకే వాసనను యూనిట్లలో కొలుస్తారు: శిక్షణ పొందిన బృందంలో సగం మందికి మాత్రమే వాసన తెలిసే స్థాయికి గాలిని ఎన్ని రెట్లు పలుచన చేయాలి అన్నదే ఆ అంకె. ఐరోపాలో దీనికి ఈఎన్ 13725 ప్రమాణం. బాగా పనిచేసే బెడ్‌కు కూడా తనదైన మట్టి వాసన కొంత ఉంటుంది, అది సున్నా కాదు. ఫిర్యాదు చేసినవాళ్లను వచ్చి బెడ్ దగ్గర వాసన చూడమనండి. తడిమట్టి వాసన అంటే మీ బెడ్ బాగానే ఉంది, ప్లాంటులో వేరే చోట లీకు వెతకాలి.

బెడ్ మీద పుట్టగొడుగులు, మొక్కలు మొలిచాయి. పీకేయాలా?

పుట్టగొడుగులు ఉంటే ఉండనివ్వండి. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడే పీకేయండి, వేళ్ల వెంట గాలి దారి చేసుకుంటుంది.

## మీడియా మార్చే వేళకు

మీడియా ఎన్నేళ్లు వస్తుంది? మార్చాలని ఎలా తెలుస్తుంది?

సేంద్రియ మీడియా అయితే 2 నుంచి 5 ఏళ్లు, చెక్క పాలు ఎక్కువుంటే ఎక్కువ కాలం. తేమ, పీహెచ్ సరిగ్గా ఉండి కూడా ఒత్తిడి తేడా నెలనెలా పెరుగుతుంటే మీడియా కుళ్లి పొడైందని అర్థం. మొదట ఒకసారి తిరగేసి, పొడి జల్లించి చూడండి, ఇంకో ఏడాది కలిసిరావచ్చు. మొత్తం మార్చినప్పుడు పాతదాన్ని కొంత కొత్తదాంట్లో కలపండి, పెరుగుకు తోడు వేసినట్టు పనిచేస్తుంది.

పాత మీడియా తీసేటప్పుడు మనుషులకు ప్రమాదమేమైనా ఉందా?

రెండు ఉన్నాయి. ఎండిన కంపోస్టు దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు కణాలు ఉంటాయి, ఆస్తమా ఉన్నవాళ్లను ఆ పనికి పెట్టొద్దు. మిగతావాళ్లకు మంచి మాస్కు ఇచ్చి, తవ్వేముందు కొద్దిగా నీళ్లు చల్లించండి.

రెండోది బెడ్ కింద ఉండే గాలి గది. అది మూసి ఉన్న చోటు, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకోవచ్చు, ఆక్సిజన్ తక్కువుండొచ్చు. "వాసనేం రావట్లేదు, దిగుతాను" అనే మాట వింటే వెంటనే ఆపండి. దాదాపు 100 పీపీఎం దగ్గర ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందనిపిస్తుంది. డక్ట్‌ను ప్లాంటు వైపు మూసి, మంచి గాలి బాగా ఆడనిచ్చి, గ్యాస్ మీటరును తాడుతో లోపలికి దించి రీడింగ్ చూడాలి. ఆ తర్వాతే, పైన ఇంకో మనిషిని నిలబెట్టి దిగాలి.